ఎంజీబీ కారులో అరిగిన క్లచ్ పెడల్‌ను బాగుచేయడం: సమగ్ర మార్గదర్శి

1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని అబింగ్డన్ కర్మాగారంలో తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కారు ఇవాళ నడుపుతున్నవారిలో చాలామందికి ఒక అనుభవం ఉండే ఉంటుంది. క్లచ్‌ను అడుగంటా తొక్కినా రివర్స్ గేరు గరగరమంటుంది, సిగ్నల్ దగ్గర మొదటి గేరు మొరాయిస్తుంది, పెడల్ పై భాగంలో బొత్తిగా పట్టు లేకుండా వదులుగా కదులుతుంది. ఇలాంటప్పుడు ముందుగా అనుమానించేది హైడ్రాలిక్స్‌ను, అంటే ద్రవం ఒత్తిడితో పనిచేసే భాగాలను. నా కారు 1972 నాటి ఎంజీబీ జీటీ. దానికి మాస్టర్ సిలిండర్, స్లేవ్ సిలిండర్ రెండూ కొత్తవి వేసి ఒక గ్యారేజీవారు బిల్లు చేతిలో పెట్టారు గానీ, గేరు తీరు మాత్రం మారలేదు. అసలు లోపం పెడల్‌కూ పుష్ రాడ్‌కూ మధ్య ఉండే వేలెడంత లేని ఒక పిన్నులో, అది కూర్చునే రంధ్రాల్లో ఉంది. ఆ అరుగుదలను గుర్తించడం, కొలవడం, సరిచేయడం ఎలాగో ఈ వ్యాసంలో వివరిస్తాను.

పెడల్ ఎలా పనిచేస్తుంది

ఎంజీబీలో క్లచ్, బ్రేకు పెడల్‌లు రెండూ ఇంజను గదికీ క్యాబిన్‌కూ మధ్య ఉన్న రేకు గోడ మీద బిగించిన ఒక ఉక్కు పెట్టెలో, ఒకే బోల్టు ఇరుసుగా వేలాడుతుంటాయి. పాదం తొక్కినప్పుడు పెడల్ మీది కన్ను, అంటే పిన్ను దూరే రంధ్రం, అందులోని పిన్నును తోస్తుంది, పిన్ను పుష్ రాడ్ చివరనున్న ఫోర్క్‌ను తోస్తుంది, రాడ్ మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ను తోస్తుంది. అక్కడి నుంచి ద్రవం గొట్టం గుండా గేరుబాక్సు పక్కనున్న స్లేవ్ సిలిండర్‌కు వెళ్లి క్లచ్ లివర్‌ను కదుపుతుంది.

మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం ముప్పావు అంగుళం, స్లేవ్‌ది అంగుళంపావు. వైశాల్యాల నిష్పత్తి చూస్తే మాస్టర్ దగ్గర 1 మిల్లీమీటరు కదలిక స్లేవ్ దగ్గరకు చేరేసరికి దాదాపు 0.36 మిల్లీమీటరు మాత్రమే అవుతుంది. అంటే ఈ వ్యవస్థలో పారబోసుకోవడానికి అదనపు కదలిక ఏమీ లేదు. పైన పిన్ను దగ్గర కొన్ని మిల్లీమీటర్లు వృథా అయితే, కింద క్లచ్ ప్లేటు పూర్తిగా విడిపోవడానికి కావలసిన ఆఖరి కదలికే కరువవుతుంది. దీనికి తోడు పెడల్ ఒక మీట కాబట్టి, పిన్ను దగ్గరి వదులు పాదం దగ్గరకు వచ్చేసరికి కొన్ని రెట్లు పెరిగి కనిపిస్తుంది. నా కారులో ఇరుసు నుంచి పిన్నుకూ, ఇరుసు నుంచి పాదపీటకూ ఉన్న దూరాలు కొలిస్తే అది దాదాపు ఐదు రెట్లు తేలింది.

ముందుగా రోగ నిర్ధారణ

పానా పట్టకముందే మూడు పరీక్షలు చేయాలి. ఇంజను నడుస్తుండగా క్లచ్ పూర్తిగా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి, రివర్స్ వేయండి. క్లచ్ నిజంగా విడిపోతే గేరుబాక్సులోకి వచ్చే షాఫ్టు ఆ వ్యవధిలో ఆగిపోతుంది, గేరు చప్పుడు లేకుండా పడుతుంది. గరగరమంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు.

తర్వాత పెడల్‌ను వెంటవెంటనే మూడు నాలుగుసార్లు తొక్కి మళ్లీ ప్రయత్నించండి. అప్పుడు గేరు సులువుగా పడితే పైపుల్లో గాలి ఉన్నట్టో, సీళ్లు సరిగా పట్టనట్టో అర్థం. ఎన్నిసార్లు తొక్కినా ఏ తేడా లేకుండా ఒకేలా ఉంటే, అది ఇనుము అరిగిన లక్షణం. మూడోది, క్లచ్ తొక్కిపట్టి, గేరులో ఉంచి, సమతలంలో అర నిమిషం ఆగడం. మొదట కదలకుండా ఉన్న కారు కాసేపటికి మెల్లగా ముందుకు పాకితే మాస్టర్ సిలిండర్ సీలు దాటి ద్రవం వెనక్కి జారుతోందన్నమాట. ఈ పరీక్ష చేసేటప్పుడు ముందు ఖాళీ స్థలం ఉండాలి, చేయి హ్యాండ్ బ్రేకు మీదే ఉండాలి.

ఇక ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, పెడల్ పెట్టె మీది మూత స్క్రూలు విప్పండి. లోపలికి టార్చి వేసి చూస్తూ, ఎవరినైనా పెడల్‌ను చేత్తో నెమ్మదిగా నొక్కమనండి, పాదంతో కాదు. పెడల్ కదలడం మొదలైన క్షణానికీ, పుష్ రాడ్ కదలడం మొదలైన క్షణానికీ మధ్య పాదపీట ఎంత దూరం ప్రయాణించిందో స్కేలు పెట్టి కొలవండి. కొద్ది మిల్లీమీటర్ల వదులు ఉండటం సహజమే, అది ఉండి తీరాలి కూడా, కారణం తర్వాత చెబుతాను. నా కారులో మాత్రం పాదపీట దాదాపు 25 మిల్లీమీటర్లు నడిచాక గానీ రాడ్ కదలలేదు.

కారు కిందకు వెళ్లే వీలుంటే ఇప్పుడే స్లేవ్ సిలిండర్ పుష్ రాడ్ మొత్తం ఎంత దూరం కదులుతోందో కూడా కొలిచి రాసుకోండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందకు దూరవద్దు, యాక్సిల్ స్టాండ్లు వేయాలి, చక్రాలకు అడ్డు పెట్టాలి. ఈ అంకె చేతిలో ఉంటే మరమ్మతు తర్వాత ఏం సాధించామో ఊహతో కాకుండా కొలతతో తెలుస్తుంది.

పిన్నును బయటకు తీయడం

ఈ పనిలో ఓపికను ఎక్కువగా పరీక్షించేది పిన్ను జారిపోకుండా దాని చివర దూర్చి కాళ్లు వంచిన చిన్న తీగ లాంటి స్ప్లిట్ పిన్. దశాబ్దాల నాటి గ్రీజు, తుప్పు పట్టి అది పెట్టె లోపలి గోడకు దగ్గరగా ఉంటుంది. ముందు రోజు రాత్రే చొచ్చుకుపోయే నూనె వేసి ఉంచండి. సన్నని ముక్కు పట్టకారుతో కాళ్లు నిటారుగా చేసి, తల వైపు నుంచి లాగాలి. కాలు విరిగిపోతే మిగిలిన ముక్కను సన్నని పంచ్‌తో దిగగొట్టవచ్చు. పెట్టె అడుగున ఒక పాత గుడ్డ పరచడం మరువకండి. లేకపోతే వాషరో, స్ప్లిట్ పిన్ ముక్కో పాదాల దగ్గరి కార్పెట్‌లోకి జారి ఒక పూట మింగేస్తుంది.

పిన్ను తీశాక వెంటనే తుడిచి పారేయకుండా వెలుతురులో పెట్టి చూడండి. నేను తీసినది చెరకు ముక్కలా రెండు చోట్ల నొక్కుకుపోయి, మధ్య భాగం ఒక పక్కకూ రెండు చివరలు ఎదురు పక్కకూ అరిగి, చిన్న క్రాంక్ షాఫ్టులా కనిపించింది. ఆ ఆకారానికి కారణం సులభంగానే అర్థమవుతుంది. పెడల్ కన్ను పిన్ను మధ్యను సిలిండర్‌కు ఎదురు పక్క నుంచి తోస్తుంది, ఫోర్క్ చెవులు పిన్ను చివరలను సిలిండర్ పక్క నుంచి ఎదిరిస్తాయి. అందువల్ల పెడల్ కన్ను సిలిండర్‌కు దూరంగా ఉన్న అంచున అరుగుతుంది, ఫోర్క్ రంధ్రాలు సిలిండర్‌కు దగ్గరి అంచున అరుగుతాయి. ఈ ఒక్క విషయాన్ని మనసులో పెట్టుకోండి, మరమ్మతు అంతా దీని మీదే ఆధారపడింది.

కొత్త పిన్ను వ్యాసం 5/16 అంగుళం, అంటే 7.94 మిల్లీమీటర్లు. వెర్నియర్‌తో నేను కొలిచిన అరుగుదల లెక్క ఇది: పిన్ను మధ్యలో 1.3, చివరల్లో 0.6, పెడల్ కన్నులో 2.1, ఫోర్క్‌లో 0.9 మిల్లీమీటర్లు. విడివిడిగా చూస్తే ఏదీ పెద్దది కాదు, అన్నీ కలిస్తే 4.9. దాన్ని ఐదుతో హెచ్చిస్తే పాదం దగ్గర కనిపించిన ఆ 25 మిల్లీమీటర్ల లెక్క సరిపోయింది. కొత్త పిన్ను ఒక్కటే వేసి ఊరుకుంటే ఇందులో తీరేది 1.9 మాత్రమే. పైగా కోడిగుడ్డు ఆకారంలో అరిగిన రంధ్రంలో గుండ్రటి పిన్ను ఒక సన్నని గీత మీదే ఆనుతుంది కాబట్టి అది కూడా త్వరగా అరిగిపోతుంది.

పెడల్‌ను విడదీయడం

పెడల్‌ను వెనక్కి లాగే స్ప్రింగును ముందుగా కొక్కెం నుంచి తప్పించండి. అది జారితే వేళ్లకు గట్టిగా తగులుతుంది, కాబట్టి పట్టకారుతోనే పట్టుకోవాలి. తర్వాత ఇరుసు బోల్టు నట్టు విప్పి, బోల్టును పక్కకు లాగితే పెడల్ కిందకు జారి వస్తుంది. బోల్టు పూర్తిగా రావడానికి పక్కన చోటు చాలకపోతే బలవంతం చేయవద్దు, అలాంటప్పుడు సిలిండర్లతో సహా పెట్టెనే విప్పి బయట పెట్టుకోవడం మేలు. చివరి సంవత్సరాల కార్లలో బ్రేకు సర్వో (బ్రేకు తొక్కే బలాన్ని పెంచే పరికరం) అమరిక వేరుగా ఉంటుంది గనుక అక్కడ విప్పే వరుసను మీ మోడల్‌కు చెందిన వర్క్‌షాప్ మాన్యువల్‌లో చూసుకోండి. అదే బోల్టు బ్రేకు పెడల్‌కూ ఇరుసు. ఏ వాషరు, ఏ స్లీవు ఎటు పక్కన ఉందో విప్పే ముందే ఫోటో తీసుకోండి.

బోల్టు సులువుగా వస్తే హైడ్రాలిక్ పైపులు విప్పాల్సిన పని లేదు. పైపు విప్పకపోతే గాలి చేరదు, గాలి తీసే శ్రమా తప్పుతుంది.

రంధ్రం అసలు కేంద్రాన్ని పట్టుకోవడం

పెడల్ కన్నును డ్రిల్లుతో పెద్దది చేసి బుష్ (రంధ్రంలో కూర్చునే చిన్న లోహపు గొట్టం) దిగగొడదామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. చేతి డ్రిల్లుతో గానీ, మామూలు నిలువు డ్రిల్లుతో గానీ ఆ పని చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. డ్రిల్లు బిట్టు ఎప్పుడూ ఖాళీ ఉన్న వైపుకే, అంటే అరిగిన వైపుకే జరుగుతుంది. కొత్త బుష్ తప్పుడు కేంద్రంలో కూర్చుంటుంది, అరిగినంత దూరమూ శాశ్వతమైపోతుంది. మిల్లింగ్ యంత్రం ఉన్నచోట, కన్ను చుట్టూ తగినంత లోహం మిగిలినప్పుడు మాత్రమే బుష్ సరైన మార్గం. తక్కినవారికి నా సలహా, రంధ్రాన్ని వెల్డింగుతో పూడ్చి, అసలు కేంద్రంలో కొత్త రంధ్రం వేయడం.

వెల్డింగు పెట్టాక పాత రంధ్రం గుర్తు ఉండదు కాబట్టి కేంద్రాన్ని ముందే భద్రపరచుకోవాలి. కొత్త పిన్ను చివర మధ్యలో పంచ్‌తో ఒక చుక్క పెట్టండి. పిన్నును పెడల్ కన్నులో పెట్టి, అరగని అంచుకు, అంటే సిలిండర్ వైపు అంచుకు, గట్టిగా ఆనించి పట్టండి. ఇప్పుడు పిన్ను మీది చుక్కే కర్మాగారంలో వేసిన రంధ్రానికి కేంద్రం. వెల్డింగు వేడి తగలనంత దూరంలో పెడల్ మీద, కన్ను నుంచి వేర్వేరు దిశల్లో రెండు పంచ్ చుక్కలు పెట్టండి. డివైడర్ ఒక కాలు మొదటి చుక్క మీద, రెండోది పిన్ను చుక్క మీద ఉంచి ఆ దూరాన్ని ఒక రేకు ముక్క మీద గీయండి. రెండో చుక్క నుంచి కూడా అలాగే చేయండి. వెల్డింగు తర్వాత ఇవే దూరాలతో రెండు చాపాలు గీస్తే అవి ఖండించుకునే చోటే కొత్త రంధ్రానికి కేంద్రం. పాతకాలపు ఫిట్టర్లు వాడిన పద్ధతి ఇది, ఖర్చేమీ లేనిది, నాకు ఎంతో ఇష్టమైనది.

కేంద్రం విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, ఎంజీబీ క్లచ్ పుష్ రాడ్‌కు పొడవు సర్దుకునే మర లేదు. రంధ్రం ఒక పక్కకు జరిగితే వదులు అలాగే మిగులుతుంది. రెండో పక్కకు జరిగితే అంతకన్నా పెద్ద ప్రమాదం, పెడల్ పైకి వచ్చినా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు. పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడే ద్రవం తొట్టిలోకి దారినిచ్చే సన్నని రంధ్రం తెరుచుకుంటుంది. అది మూసుకునే ఉంటే వేడికి వ్యాకోచించిన ద్రవం ఎటూ పోలేక క్లచ్‌ను కొద్దిగా నొక్కి ఉంచుతుంది, ప్లేటు జారి కాలిపోతుంది. పెడల్ పైన కొద్దిపాటి వదులు ఉండి తీరాలని ఇంతకుముందు చెప్పింది ఇందుకే.

వెల్డింగు, కొత్త రంధ్రం

పెడల్‌ను డీగ్రీజర్‌తో కడిగి, కన్ను చుట్టూ రంగును ఇనుము మెరిసేదాకా గీకండి. ఇరుసు బుష్ మార్చదలచుకుంటే పాతదాన్ని ఇప్పుడే తీసేయండి. రంధ్రానికి రెండు పక్కల నుంచీ వెల్డింగు నింపించాలి, ఒక పక్క నుంచే నింపితే లోపల బోలు మిగిలే అవకాశం ఉంది. ఎర్రగా ఉన్నప్పుడు నీళ్లలో ముంచవద్దు, దానంతట అదే చల్లారనివ్వండి. ముంచితే లోహం గట్టిపడి డ్రిల్లు దిగదు. చల్లారాక ఆకురాయితో రెండు ముఖాలూ పాత మందానికి చదును చేయండి. మందం పెరిగితే ఫోర్క్ చెవుల మధ్య పట్టదు.

చాపాలు గీసి, కేంద్రంలో గట్టిగా పంచ్ కొట్టి, పెడల్‌ను నిలువు డ్రిల్లు కింద చదునుగా బిగించండి. మొదట 3 మిల్లీమీటర్ల బిట్టు, తర్వాత 6, ఆ తర్వాత 7.5, చివరగా 5/16 అంగుళం రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు నునుపు చేసే పనిముట్టు). రీమర్ లేకపోతే అదే కొలత కొత్త బిట్టుతో నూనె పోస్తూ మెల్లగా దించవచ్చు. పిన్ను వేలితో నొక్కితే దిగాలి గానీ అటూ ఇటూ ఊగకూడదు. ఇంట్లో వెల్డింగు లేనివారు గుర్తులన్నీ తామే పెట్టుకుని లేత్ షెడ్డుకు తీసుకెళ్తే చాలు. హైదరాబాదులోనో విజయవాడలోనో పాత కార్లను కాపాడుకుంటున్నవారికి ఇలాంటి పని చేసే చేతులు వాడవాడలా ఉన్నాయి, వెల్డింగు పెట్టి బుష్ కొట్టడం వాళ్లకు రోజువారీ పని. అన్నట్టు, మన అంబాసిడర్‌లో వాడిన 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) పెట్రోలు ఇంజను, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజను ఒకే కుటుంబానివి, కాబట్టి పాతతరం మెకానిక్కులకు ఈ కారు తీరు మరీ కొత్తేమీ కాదు.

ఫోర్క్, ఇరుసు బుష్

ఫోర్క్ చెవులు పలుచన, వాటి మీద వెల్డింగు నిలకడగా ఉండదు, అందువల్ల పుష్ రాడ్‌నే మార్చడం మంచిది. కొత్త రాడ్ పొడవును పాతదానితో పోల్చేటప్పుడు అరగని అంచు నుంచే కొలవండి. ఫోర్క్‌లో అరగనిది సిలిండర్‌కు దూరంగా ఉన్న అంచు. రాడ్ మాస్టర్ సిలిండర్ నోట్లో రబ్బరు టోపీ వెనక సర్‌క్లిప్‌తో, అంటే గాడిలో కూర్చునే స్ప్రింగు ఉంగరంతో, బంధించి ఉంటుంది. సర్‌క్లిప్ తీసిన క్షణంలో లోపలి స్ప్రింగు పిస్టన్‌ను బయటకు తోస్తుంది, కాబట్టి సిలిండర్‌ను విప్పి బెంచీ మీద పెట్టుకుని చేయడమే క్షేమం. అంతదూరం వెళ్లినవారు సీళ్లు కూడా మార్చేస్తే మళ్లీ విప్పే పని ఉండదు. బ్రేకు ద్రవం రంగును తినేస్తుంది, కారు మీద పడితే తుడవడంతో సరిపెట్టకుండా వెంటనే నీళ్లతో కడగాలి.

ఇరుసు బుష్‌ను చూడటానికి బోల్టును పెడల్ గొట్టంలో దూర్చి పెడల్‌ను పక్కలకు ఊపండి. పాదపీట స్పష్టంగా ఊగితే బుష్ మార్చాలి. వైస్ మధ్య తగిన సాకెట్ పెట్టి నొక్కితే పాతది వెళ్లిపోతుంది, కొత్తదాన్నీ అలాగే నిటారుగా నొక్కాలి. సుత్తితో కొట్టకండి, అంచు ముడుచుకుపోతుంది. బోల్టు మీద గాడి పడి ఉంటే దాన్నీ మార్చండి.

తిరిగి అమర్చడం

ఇరుసుకూ పిన్నుకూ గ్రీజు బాగా పట్టించండి. బండి ఇరుసుకు కందెన వేయకుండా మన పెద్దలు ఊరు దాటేవారు కాదు. ఈ పిన్నుకు మాత్రం కర్మాగారం విడిచాక మళ్లీ గ్రీజు తగిలిన సందర్భం అరుదు, అది ఇంతగా అరగడానికి ప్రధాన కారణం అదే. పిన్నుకు బదులు మరలున్న బోల్టు వేయవద్దు. మర పళ్లు ఆకురాయిలా మీరు కష్టపడి చేసిన రంధ్రాన్ని కోసేస్తాయి. వాషరు పెట్టి, కొత్త స్ప్లిట్ పిన్ దూర్చి, కాళ్లు విడదీసి వంచండి. పాతది మళ్లీ వాడకూడదు.

పైపు విప్పి ఉంటే డాట్ 4 రకం బ్రేకు ద్రవం పోసి గాలి తీయాలి. ఎంజీబీ క్లచ్‌లో పై నుంచి గాలి తీయడం మొండిపని, అందుకే స్లేవ్ సిలిండర్ మీద గాలి తీసే నిపుల్ నుంచి పైకి ద్రవాన్ని నెట్టే పద్ధతి త్వరగా పనిచేస్తుంది. తొట్టి పొంగిపోకుండా ఒకరు పైన కనిపెట్టి ఉండాలి. వ్యవస్థలో సిలికాన్ ద్రవం ఉంటే దానికి డాట్ 4 కలపవద్దు.

ఇప్పుడు పాదపీట దగ్గరి వదులును మళ్లీ కొలవండి. కొద్ది మిల్లీమీటర్లు ఉండాలి, సున్నా ఉంటే పైన చెప్పిన ప్రమాదం ఉన్నట్టే, కారు తీయవద్దు. మూత బిగించే ముందు పెడల్ పైకి వచ్చినప్పుడు పిన్నును వేళ్లతో తాకి, అది సులువుగా తిరుగుతోందో లేదో చూడండి. తిరుగుతుంటే రాడ్ మీద ఒత్తిడి లేదన్నమాట. బ్రేకు పెడల్ కూడా అదే ఇరుసు మీద ఉంది కనుక దాని కదలికనూ, అది పూర్తిగా పైకి రావడాన్నీ, వెనక బ్రేకు లైటు వెలగడాన్నీ పరీక్షించి, ఇంటి ఆవరణలోనే రెండు మూడుసార్లు ఆపి చూశాకే రోడ్డెక్కండి.

స్లేవ్ దగ్గరి కదలికను మళ్లీ కొలిస్తే నా కారులో అది 10.5 నుంచి 12.2 మిల్లీమీటర్లకు పెరిగింది. రివర్స్ గేరు ఆ రోజు నుంచి చప్పుడు చేయలేదు. మీ కారులో పైన వదులు పోయినా కింద కదలిక తగినంత రాకపోతే, స్లేవ్ పుష్ రాడ్ చివరి పిన్నునూ, క్లచ్ లివర్ ఇరుసు బుష్‌నూ ఇదే విధంగా కొలవండి. అవి కూడా పై పిన్నుతో పాటే ఇన్నేళ్లూ గ్రీజు లేకుండా అరుగుతూ వచ్చినవే.